పూసకట్టిన నెయ్యి

పాలపొడి డబ్బా మూత తీయగానే తియ్యగా, కాస్త మక్కినట్టుగా వచ్చే వాసన ఈ పొద్దున నా ముక్కుకి తగిలింది. డబ్బా మా అమ్మాయి నిన్న కొని తెచ్చింది. రాజమండ్రిలో వాళ్ల ఫ్లాటులోనే నేనూ ఉంటున్నాను. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉద్యోగాలకి పరిగెత్తేవాళ్లు కాబట్టి వంటిల్లు నా పాలబడింది. అయిదో తరగతి చదివే మనవరాలు ఫోనులో ఏదో వీడియో చూసి, దూడని తల్లి దగ్గర్నించి లాక్కుపోతున్నారని ఏడ్చి ఏడ్చి, పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు అన్నీ ఒక్కసారే మానేసింది. వీగన్ అంటారట. దానికి పరుగుపందేలంటే ప్రాణం, స్కూలు జట్టులో ఉంది. "ఎదిగే వయసమ్మా. రాగిజావలో ఓ చెంచాడు కలిపెయ్యి, దానికి చెప్పకు" అని మా అమ్మాయి డబ్బా నా చేతిలో పెట్టి ఆఫీసుకి పోయింది. చెంచా పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను.

మాది రామచంద్రపురం దగ్గర కాలువ గట్టున ఉన్న ఊరు. ఒక ఇంటి గురించి చెప్పాలంటే పొలం తర్వాత పాడినే చెప్పేవారు. తెల్లవారకముందే కొట్టంలో చెంబు అడుగున పాలధార పడే చప్పుడు, తౌడూ తెలగపిండీ కలిపిన కుడితి వాసన, దాలిగుంటలో పిడకల సెగ మీద మధ్యాహ్నం దాకా కాగి ఎర్రగా మీగడ కట్టిన పాలు, ఆ మీగడ కోసం పిల్లల కొట్లాటలు, గేదె ఈనితే ఇంటింటికీ వెళ్లే జున్ను గిన్నెలు, వీటి మధ్యే నేను పెరిగాను. పాలు వద్దనే పిల్ల పుడుతుందని ఆ ఇంట్లో ఎవరూ కలలోనైనా అనుకుని ఉండరు.

ఒక వానాకాలం మా నల్లగేదె దూడ చచ్చిపోయింది. దూడ ఎదురుగా లేకపోతే గేదె చేపదు, అంటే పొదుగులోకి పాలు దింపదు. అందుకని ఆ రోజుల్లో చచ్చిన దూడ తోలు ఒలిపించి, ఎండబెట్టి, లోపల ఎండుగడ్డి కూరి, కాళ్లకి బదులు కర్రలు గుచ్చి గేదె ముందు నిలబెట్టేవారు. మా నల్లగేదె దాన్ని పొద్దున్నా సాయంత్రం నాకుతూ, గొంతులోంచి సన్నగా మూలుగుతూ పాలిచ్చేది. దాని గరుకు నాలుకకి ఆ తోలు మీది వెంట్రుకలు ఊడిపోయాయి, కుట్టు విడిపోయి గడ్డి బయటికి వచ్చింది, అయినా అది నాకడం మానలేదు. అది చూసిన సాయంత్రం నేను పాలగ్లాసు ముట్టుకోలేదు. తర్వాత పెరుగూ నెయ్యీ కూడా తోసేశాను. చేపా గుడ్డూ నాకు ముందునుంచీ సయించేవి కావు.

ఇల్లంతా గగ్గోలు. "పాలు తాగని పిల్ల ఏం ఎదుగుద్దే? రేపు పెళ్లయ్యి పిల్లల్ని ఎలా మోస్తాది?" అని నాన్న అరిచాడు. అమ్మ ముక్కు మూసి పోయబోతే కక్కుకున్నాను. అప్పుడు నాన్న తల్లి, మా మామ్మ, నన్ను వెనక్కి లాక్కుని, "దాన్ని నాకొదిలెయ్యరా. నేను పెంచుతాను" అంది. ఆ ఒక్క మాటతో నేను మామ్మ సొత్తునైపోయాను.

ఇక మామ్మ వంట మొదలైంది. ఆషాఢం వస్తే మునగాకు దూసి, గానుగ నుంచి అప్పుడే తెచ్చిన తెలగపిండితో కలిపి వండేది. నువ్వులనూనె తీసేశాక మిగిలే ఆ పిండి గేదెలకీ, బాలింతలకీ, నాకూ. చలికాలం ఉలవచారు పొయ్యి మీద గంటలకొద్దీ మరిగేది, వాకిట్లో తంపటి వేసి కాల్చిన తాటితేగల పొగ బట్టలకి పట్టేది. నువ్వులూ బెల్లమూ రోట్లో దంచి చేసిన చిమ్మిలి వెచ్చవెచ్చగా అరచేతిలో పెట్టేది. ఎండాకాలం తాటిముంజలు, పనసతొనలు, ముదురు కొబ్బరి ముక్క, మధ్యలో ఎప్పుడూ ఏదో ఒక పప్పు. సున్నుండలు అందరికీ నేతితో, నాకు మాత్రం వేరే డబ్బాలో పప్పునూనెతో, అదే, గానుగలో ఆడిన నువ్వులనూనెతో చుట్టేది. "నీ డబ్బాలో నా చెయ్యి తప్ప ఇంకోటి పడదు తల్లీ" అనేది. నేను నమ్మాను.

తిన్నది అరిగే దాకా ఇంట్లోకి రానిచ్చేవాళ్లు కాదు మమ్మల్ని. కాలువలో ఈత, చేలగట్ల మీద చెడుగుడు, చెట్ల మీద కోతికొమ్మచ్చి, నాన్నకి చేలోకి కారేజీ మొయ్యడం. రేవు నుంచి లాకుల దాకా గట్టు మీద పరుగు మాత్రం నా సొంతం. ఊళ్లో మగపిల్లలు కూడా నాతో పందెం వేయడం మానేశారు. వ్యాయామం అనే మాట మాకు పాఠ్యపుస్తకంలోనే తెలుసు.

రామచంద్రపురంలో బడిపిల్లల ఆటలపోటీలకి నన్ను ఎంపిక చేసిన ఏడాది, సాధన చేస్తూ ఒకరోజు కళ్లు తిరిగి పడిపోయాను. నిజానికి ఆ పూట ఆత్రంలో నేను అన్నం తినలేదు. కానీ నన్ను మోసుకొచ్చిన మాస్టారు, "పాలు తాగదటగా అండీ" అన్నారు. నాన్న మొహం నల్లబడింది. "మళ్లీ పడిందంటే పరుగూ లేదు, పందేలూ లేవు. నీ పంతం నెగ్గించుకోడానికి నా పిల్లని చంపుతావేంటే?" అని కన్నతల్లిని అడిగేశాడు. అంతటి నోరున్న మామ్మ ఆ రోజంతా తిరగలి దగ్గర తలవంచుకుని మినుములు విసురుతూ కూర్చుంది.

పోటీలో రెండోదాన్నిగా వచ్చాను. నాన్న నన్ను సైకిలు మీద ఊరంతా తిప్పి, "పాలచుక్క ముట్టదండి మా అమ్మాయి!" అని కనిపించినవాళ్లందరికీ చెప్పాడు. ఆ మర్నాడు మార్గశిరం చలిలో సున్నుండ కోసం నా డబ్బాలో చెయ్యి పెట్టాను. అడుగున తెల్లగా, ఇసకలా ఏదో వేళ్లకి తగిలింది. పప్పునూనె చలికి గడ్డకట్టదు. పూసకట్టేది నెయ్యే.

"మామ్మా, ఇందులో నెయ్యేశావా?"

"లేదు తల్లీ, నూనే" అంది, నా మొహంలోకి చూడకుండా.

ఆ పరుగు నా కాళ్లదో నేతిదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ రోజు నుంచి మామ్మ ఏం పెట్టినా వాసన చూసిగానీ నోట్లో పెట్టుకునేదాన్ని కాదు. ఆవిడ పెట్టిన ప్రతి ముద్దా ముక్కు దాకా వెళ్లి ఆగడం ఆవిడ చూస్తూనే ఉండేది. మళ్లీ ఎప్పుడూ కలపలేదని అమ్మ తర్వాత చెప్పింది. నా పంతమూ గట్టిదేం కాదు, కాలేజీ హాస్టలు కాఫీ ముందు తుస్సుమంది. అప్పటికి మామ్మ పోయింది. పాలు మళ్లీ అలవాటయ్యాయి గానీ, వాసన చూసే అలవాటు మాత్రం పోలేదు. పెళ్లి భోజనాల్లో పక్కవాళ్లు నన్ను వింతగా చూస్తారు.

మొన్న డాక్టరుగారు మనవరాల్ని చూసి, "పాలు మానితే ఎదగదని ఏం లేదండి. పప్పులు, నువ్వులు, ఆకుకూరలు శ్రద్ధగా పెట్టండి, ఈ మాత్ర మాత్రం మానకండి" అన్నారు. శ్రద్ధగా అంటే ఎవరో ఒకరు పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడాలి, నా మోకాళ్లకి ఆ ఓపిక ఎప్పుడో అయిపోయింది. గానుగలు పోయాయి, మిల్లులో దొరికే తెలగపిండి మనుషులు తినేది కాదంటున్నారు. గొంగళిపురుగులు పడుతున్నాయని అపార్టుమెంటు వాళ్లు మునగచెట్టు కొట్టించేశారు. మా చేలు రొయ్యల చెరువులయ్యాయి, నేను పరిగెత్తిన గట్టు మీద మేత లారీలు తిరుగుతున్నాయి. మనవరాలు కింద పార్కింగులో కార్ల మధ్య సందుల్లో పరుగు సాధన చేస్తుంది. మామ్మకి అంత ఉండి కూడా భయం వేసింది. ఏమీ లేని నాకు వేయదా?

అయినా డబ్బా మూత బిగించి పై అరలోకి నెట్టేశాను. సాయంత్రం మా అమ్మాయికి చెప్పాలి. గొడవ చేస్తుంది, చెయ్యనీ. నానబెట్టిన నువ్వులు మెత్తగా రుబ్బి, వడకట్టి, బెల్లంతో జావలో కలిపాను. చెయ్యి లాగేసింది.

మనవరాలు షూ వేసుకుంటూనే గ్లాసు అందుకుంది. "అమ్మమ్మా, ఇందులో పాలేం కలపలేదుగా?"

"లేదు తల్లీ" అన్నాను.

వాసన చూడకుండా గడగడా తాగేసి, మూతి తుడుచుకుంటూ మెట్లు దిగిపోయింది.