దెబ్బ తగలని మచ్చలు

వీధిలో అందరికీ ఆమె సూది పిన్ని. వదులైన బట్టలకు కుట్లు వేయడం, బిగుతైన వాటికి కుట్లు విప్పడం ఆమె పని. లావయ్యేవాళ్ళూ చిక్కేవాళ్ళూ ఉన్నంతకాలం ఆ మిషను ఆగదు. ఆగుతున్నదల్లా పిన్ని ఒళ్ళే.

మిషను బల్ల అంచు కాస్త తాకితే చాలు, మోచేతి మీద అరచేయంత నీలం మచ్చ. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు. అవి తగ్గితే రక్తం సరిగ్గా గడ్డకట్టదట, చర్మం కిందే ఊరుతుందట. స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు.

మొగుడు గ్యాసు పొయ్యిలు బాగుచేస్తాడు. రోకళ్ళలాంటి చేతులు, దూదిలాంటి మనసు. మొదటిసారి ఆసుపత్రిలో నర్సమ్మ ముందుగా పిన్ని మచ్చలు చూసింది, తర్వాత ఆ చేతులు చూసింది.

"మీరు బయట నిలబడండి" అంది.

అంతే, ఆయన నీరుగారిపోయాడు. మళ్ళీ పరీక్షకు రమ్మన్న ప్రతిసారీ ఒకటే పాట. "మచ్చలు మానాక పోదామే. ఆవిడ నన్ను కళ్ళతోనే లాకప్పులో పెడుతోంది."

మానాక వెళితే ప్లేట్‌లెట్ల లెక్క బాగానే ఉండేది. మాత్ర పనిచేసిందనేవాడు డాక్టరు. "మాత్రా పాడా, నా కషాయం" అనేది అత్తగారు. కొన్నాళ్ళకే మళ్ళీ మచ్చలు, మాత్ర పెంపు. పిన్ని మొహం ఉబ్బింది, నిద్ర కరువైంది, సూదిలో దారం ఎక్కించబోతే చేతులు వణికాయి. చివరికి ప్లేట్‌లెట్లను మింగేస్తున్నది కడుపులో ఎడమపక్కనుండే ప్లీహమేనని, ఆపరేషను చేసి దాన్ని తీసేద్దామన్నారు. కాదనే ఓపిక కూడా పిన్నికి లేదు.

ఆపరేషనుకు ముందు రక్తజబ్బుల డాక్టరమ్మ చూసింది.

"పరీక్షకి ఎప్పుడొస్తుంటారమ్మా?"

"మచ్చలు పోయాక."

"ఉన్నప్పుడు రారేం?"

"ఈయనకి సిగ్గండి" అంది పిన్ని, కళ్ళు మూసుకునే.

డాక్టరమ్మ నవ్వలేదు. ఆపరేషను ఆపించి, మాత్రలు మెల్లమెల్లగా తగ్గిస్తూ, మచ్చలున్నా లేకున్నా వారం వారం రమ్మంది. ఆయన తలొంచుకుని వెంట వచ్చి, ప్రతిసారీ గుమ్మం బయట గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మాత్రలు పూర్తిగా మానేశాక కూడా లెక్క పడింది, దానంతటదే లేచింది. మళ్ళీ పడింది, మళ్ళీ లేచింది.

"ఇది చాలా అరుదైన రకం" అంది డాక్టరమ్మ. "ఇంచుమించు నెలకోసారి ప్లేట్‌లెట్లు వాటంతటవే పడి లేస్తాయి. అవి లేచే వేళకి మీరు వచ్చేవారు, పేరు మాత్రకి పోయేది. ప్లీహం తీసినా దీనికి పెద్దగా ఒరిగేదేం లేదు."

"తగ్గుతుందాండీ?"

"చెప్పలేను. పడే రోజులు ముందే తెలుస్తాయి కనక అప్పుడు జాగ్రత్తగా ఉండండి. ముక్కులోంచో చిగుళ్ళలోంచో రక్తం వస్తే మాత్రం వెంటనే రావాలి, సిగ్గుపడుతూ కూర్చోకండి."

"ఆ రోజుల్లో కత్తెర ఈయనకిచ్చేస్తాను."

"ఆ చేతులకా? చొక్కాలు చేతిరుమాళ్ళవుతాయి" అంది పక్కనున్న నర్సమ్మ, మొదటిసారి ఆయన్ని బయటికి పంపినావిడే. అని, తనే ఒక కుర్చీ గుమ్మం దాకా లాక్కెళ్ళింది. "కూర్చోండి బాబాయిగారూ."

"ఫరవాలేదమ్మా, అలవాటైపోయింది" అన్నాడాయన, గోడ వదలకుండా.

ఆ కుర్చీలో పిన్ని కూర్చుంది. "లోపలికొచ్చి పిలిస్తేనే లేస్తా" అంది; ఇంటికి పోదామని ఆయన బయటినుంచే రెండుసార్లు పిలిచినా లేవలేదు.