పులిగాడి ఎత్తు బంగారం

కనకవ్వ ఎవరినీ నమ్మేది కాదు. దుకాణంలో తూకం వేస్తుంటే తక్కెడ కింద చెయ్యి పెట్టి చూసేది. ఎవరేం ఇచ్చినా వాసన చూడనిదే నోట్లో వేసుకునేది కాదు. సొంత మరదలు వండిన కూర కూడా ముందు ఆ మరదలు తిన్నాకే. జగిత్యాల పక్కన ఉన్న ఆ ఊళ్లో ఈ సంగతి అందరికీ తెలుసు, నవ్వుకునేవాళ్లు. ఎందుకు నవ్వుతున్నారోనని ఆమెకు మళ్లీ ఇంకో అనుమానం.

మనుషుల మీద పెట్టాల్సిన నమ్మకమంతా తీసుకెళ్లి కుక్క మీద పెట్టింది. వాడి పేరు పులిగాడు. మొగుడు పోయాక ముప్పై గొర్రెలనీ, ఆమెనీ కాచుకొచ్చింది వాడే. ఒకసారి మంద మీద తోడేలు పడితే చెవి తెగిపోయినా వదల్లేదు. వాడు లేకపోతే ఆమెకు మంద లేదు, మంద లేకపోతే బతుకు లేదు.

పందొమ్మిది వందల అరవై నాలుగు చలికాలంలో పులిగాడు నీళ్లకు ఎగబడటం మొదలుపెట్టాడు. ఎంత తాగినా తనివి తీరదు. తాగిందంతా ఉచ్చ పోసేసి మళ్లీ తాగుతాడు. తిండి ఎప్పటికన్నా ఎక్కువే తింటున్నాడు, అయినా పక్కటెముకలు తేలాయి. ఎవడో ఏదో పెట్టాడు! ఎవడంటే ఇంకెవడు, పక్కింటి ముత్యమే. గోడ జరిపాడని రెండేళ్లుగా అతనితో మాటల్లేవు. పైగా ఈ మధ్య గోడ బయట మట్టి గోలెం పెట్టి నీళ్లు నింపుతున్నాడు. పులిగాడు పోయి పోయి అందులోనే మూతి పెడుతున్నాడు.

“నా కుక్కకు ఏం కలిపి పోస్తున్నవ్ రా?” అని ఒకరోజు మీదికి పోయింది.

“నేనేం కలుపుతనక్కా! దూపకు సస్తుంటే నీళ్లు పోసిన, గంతే.”

“నీ ఎడ్లకే సరిగ పొయ్యనోనివి, నా కుక్క మీద గింత పావురమా, గింత ప్రేమనా?” అని కనకవ్వ గోలెం బోర్లించింది. ఆ రోజు నుంచి పులిగాడిని గుంజకు కట్టేసి, పూటకు ఒక్క ముంత నీళ్లు పెట్టింది.

సమ్మక్కకు మొక్కుకుంది కూడా. పులిగాడి ఎత్తు బంగారం ఇస్తానంది. బంగారమంటే బెల్లమే, కాని అమ్మకు ఇచ్చే బెల్లాన్ని ఆ పక్కల ఎవరూ బెల్లమనరు. మొక్కు ఫలించేదాకా ఆగే ఓపిక ఆమెకు లేదు. కుక్కను గోనెసంచిలో కూర్చోబెట్టి తక్కెడలో తూచింది. రెండేళ్ల కింద ఇరవై ఏడు సేర్లున్నవాడు ఇరవై తూగాడు. కళ్లు తుడుచుకుంటూనే సమ్మక్క జాతరకు వెళ్లి, అంత బంగారం ఇచ్చి, కొంత ప్రసాదంగా తెచ్చుకుంది. పొద్దున ఒక ముద్ద, సాయంత్రం ఒక ముద్ద పులిగాడి నోట్లో పెట్టేది. అమ్మ బంగారం లోపలికి పోతే ముత్యం పెట్టిన మందు విరిగి తీరాలని ఆమె ధీమా.

మందు విరగలేదు సరికదా, పులిగాడు లేవలేకపోయాడు. వాడు ఉచ్చ పోసిన చోటల్లా చీమలు బారులు కట్టాయి. అది చూసి కనకవ్వ ఎగిరి గంతేసినంత పని చేసింది. దొరికాడు దొంగ! విషం చక్కెరలో కలిపి చల్లుతున్నాడన్నమాట. డాక్టరుతో కాగితం రాయించుకుని పంచాయితీ పెట్టించాలని, కుక్కను బండిలో వేసుకుని జగిత్యాల పశువుల దవాఖానకు తీసుకెళ్లింది.

రహమాన్ డాక్టర్ కుక్క ఉచ్చ చిప్పలో పట్టించి, గాజు గొట్టంలో నీలం మందు పోసి, నాలుగు చుక్కలు కలిపి మంట మీద కాచాడు. నీలం పచ్చగా మారి, చివరికి ఇటుకరంగుకు తిరిగింది.

“చక్కెర, అవ్వా. మనుషులకొచ్చే చక్కెర రోగమే దీనికొచ్చింది.”

“నువ్వే ఏదో రంగు కలిపినవ్.”

డాక్టర్ కోపం తెచ్చుకోలేదు. సీసాలో ఉన్న ఇంకో కుక్క ఉచ్చ తీసి అలాగే కాచాడు. నీలం నీలంగానే ఉంది.

“నెత్తుట్ల చక్కెర ఎక్కువైతే ఉచ్చ తయారుజేసే గుర్దాలు ఆపలేవు, ఉచ్చల ఇడుస్తయ్. గా చక్కెర పోంగ పోంగ నీళ్లను గుంజుకపోతది. గందుకే గంత దూప. చీమలు గా తీపికే వచ్చినయ్. విషం లేదు, గిషం లేదు. నీళ్లు బాగ పోస్తున్నవా?”

“పూటకో ముంత.”

“అయ్యో! గట్లయితే గుర్దాలు ఏమైతయ్ అవ్వా? తిండేం పెడుతున్నవ్?”

“జొన్న గట్క, సల్ల.”

“తీపి?”

పులిగాడు మెల్లగా తలెత్తి, కనకవ్వ కొంగు ముడిని వెతుక్కుని నాకడం మొదలుపెట్టాడు. ఆ ముడిలో సాయంత్రం పెట్టాల్సిన బంగారం ముద్ద ఉంది.

“రోగం నీ బెల్లంతోటి రాలే,” అన్నాడు రహమాన్, కొంగుకు అంటిన బెల్లం మరక చూసి. “కానీ, ఉన్న రోగాన్ని మీదికి తెచ్చింది. సూది మందు మనుషులకే దొరుకుడు కష్టం, అడిగి చూస్త. తీపి బంద్ చెయ్. నీళ్లు అడిగినన్ని పొయ్.”

“బతుకుతడా?”

“గుర్దాలు చెడ్డట్టే ఉన్నయ్. ఎక్కువ రోజులని చెప్పలేను.”

దారి పొడుగునా ఆమె ఏడ్చింది. కుక్క కోసం కొంత, సిగ్గుతో కొంత. ఇల్లు చేరగానే బోర్లించిన గోలెం తనే తిప్పి పెట్టి, గోడ అవతలికి కేకేసింది.

“తమ్మీ ముత్యం, జరన్ని నీళ్లు పోస్తవా?”

ముత్యం బిందె తెచ్చి పోశాడు. పులిగాడు కళ్లు మూసుకుని తాగాడు. కనకవ్వ కొంగు ముడి విప్పింది.

“తప్పు నాదే. గిది అమ్మ బంగారం, పారెయ్యొద్దు. నువ్వు తిను.”

ముత్యం ముక్క అందుకున్నాడు. నోటి దాకా తీసుకెళ్లి ఆగి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

ఇన్నేళ్లూ కనకవ్వ ఊరందరికీ చేసింది అదే. ఆమె ఆ ముక్కలో సగం తుంచి, అతని కళ్ల ముందే నోట్లో వేసుకుని నమిలి మింగింది. అప్పుడు తిన్నాడు ముత్యం. పులిగాడు గోలెం అడుగు నాకుతుంటే ఇంకో బిందె తేవడానికి లేచాడు.