దూది బండి చిన్నమ్మ

నేను పాఠాలు చెప్పే బడిలో మధ్యాహ్న భోజనం గంట కొట్టబోతుండగా కాక ఫోన్ చేశాడు. బడి వేళల్లో ఆయన ఎప్పుడూ చేయడు. "బిడ్డా, మీ చిన్నమ్మ పోయింది" అన్నాడు. పొద్దున ఛాతిలో నొప్పి అన్నదట. జనగామ దవాఖానకు తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. నేను పాలకుర్తికి చేరేసరికి వాకిట్లో చెప్పులు విడవడానికి చోటు లేదు. వచ్చినవాళ్లలో సగం మంది మా వీధి వాళ్లు కారు. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వచ్చారు. అందరూ ఆమె కుట్టిన పరుపుల మీద పడుకున్నవాళ్లే.

ఆమె నాకు సొంత చిన్నమ్మ కాదు. మా గోడ పక్క ఇల్లు. దూది ఏకి పరుపులు, తలకింది మెత్తలు కుట్టే ముస్లిం కుటుంబం. పెళ్లయి ఆ ఊరికి వచ్చిన కొత్తలో నేను "అక్కా" అని పిలిస్తే, "నీ తల్లి ఈడు దాన్ని అక్క అంటవేంది? చిన్నమ్మ అను" అని అప్పటికప్పుడే దిద్దింది. దాంతో ఆమె భర్త నాకు కాక అయ్యాడు. ఆమె గురించి చెప్పాలంటే పరుపుల గురించే చెప్పాలని అందరూ అంటారు. నాకు మాత్రం ఆమె పాత పికప్ బండి కింద చాప వేసుకుని వెల్లకిలా పడుకుని, ముక్కు మీద గ్రీజు మరకతో "పదమూడో నెంబర్ పానా అందుకో" అని చెయ్యి చాపడమే ముందుగా గుర్తుకొస్తుంది.

రోడ్డు మీద వాళ్లకో పరుపుల దుకాణం ఉండేది. ఫోం పరుపులు వచ్చాక బేరాలు పలచబడ్డాయి. ఉన్న కాస్త పని నడుస్తుండగా, స్థలం సొంతదారు కొత్తగా కట్టుకుంటానని దుకాణం ఖాళీ చేయించాడు. అప్పటికే కాక ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఇన్నేళ్లు దూది ధూళిలో బతికినందుకు ఆయనకు మిగిలింది ఆయాసం. ఇక దూది దగ్గరికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. దూది ఏకే మిషన్ ఇంటి వరండాలోకి వచ్చింది. ఒకప్పుడు కాక పరుపులు వేసుకుని తిరిగిన పికప్ బండి ఇంటి వెనక రేకుల కింద నాలుగేళ్లుగా కదలకుండా ఉంది. గార్లలో ఉన్న కూతురు వచ్చి, ఇద్దరూ తన దగ్గరికి వచ్చి ఉండమని ఏడ్చినంత పని చేసింది.

"నాలుగు రోజులుంటే సుట్టాలం. నాలుగు నెలలుంటే ఏమైతమో నాకు తెల్వది. తెల్సుకోను కూడా" అని చిన్నమ్మ కూతుర్ని బస్సెక్కించింది.

మర్నాడు పొద్దున ఆమె పికప్ చుట్టూ రెండు సార్లు తిరగడం నేను గోడ మీది నుంచి చూశాను. తర్వాత కాకతో అంది: "జనం దుకాణంకాడికి వస్తలేరు గద. మనమే వాళ్లకాడికి పోదాం. మిషన్‌ను బండెక్కిద్దాం."

కాక నవ్వాడు. నవ్వు దగ్గయింది. తేరుకుని, "గది బండి కాదే, తుక్కు. ఇద్దరు పాత సామానోళ్లు అడిగిపోయిండ్రు" అన్నాడు.

"అడిగిండ్రంటే అండ్ల ఏదో ఉన్నట్టే."

అవి వేసవి సెలవులు. నేను ఇంట్లోనే ఉన్నాను. తన బండి తానే బాగు చేసుకున్న కాకకు ముప్పై ఏళ్ల అనుభవం ఉంది గానీ, వంగితే ఊపిరి ఆడదు. చిన్నమ్మకు చేతుల్లో బలం ఉంది గానీ, బండి గురించి ఏమీ తెలియదు. కాబట్టి ఆయన వేపచెట్టు నీడన కుర్చీలో కూర్చుని చెప్పేవాడు, ఆమె చేసేది. బానెట్ ఎత్తగానే లోపల కోడి పొదిగి వదిలేసిన గడ్డి కనిపించింది. వైర్లు ఎలుకలు కొరికేశాయి. డ్రైవరు కాళ్ల కింద రేకు తుప్పు పట్టి, అరచేయి పట్టేంత బొక్క పడింది. చిన్నమ్మ ఆ బొక్కలోంచి నేలను చూసి, "మంచిగున్నది, గాలి ఆడుతది" అంది.

ఆమెకు చదువు రాదు. విప్పిన నట్లు, బోల్టులు కలిసిపోతాయేమోనని నేను కాగితాల మీద పేర్లు రాసిస్తానన్నాను. వద్దంది. మిగిలిన గుడ్డపీలికలతో చిన్న చిన్న సంచులు కుట్టింది. ముందు ఎడమ చక్రానివి ఎర్ర దారం సంచిలో, కుడి చక్రానివి పచ్చ దారం సంచిలో, క్లచ్‌వి నల్ల దారం సంచిలో. తీగ మీద వరసగా వేలాడదీసింది. చివరిదాకా ఒక్క బోల్టు కూడా తారుమారు కాలేదు.

బ్రేకుల దగ్గర మాత్రం ముగ్గురం అలసిపోయాం. చక్రాల్లో పాడైన సామాన్లు జనగామ నుంచి తెచ్చి మార్చాం. ఇక బ్రేకు ఆయిల్ గొట్టాల్లోని గాలి పోవాలి. నేను సీట్లో కూర్చుని పెడలు తొక్కాలి, చిన్నమ్మ కింద నట్టు వదులు చేయాలి, ఆయిల్‌తో పాటు బుడగలు బయటికి వస్తాయి. ఆమె మళ్లీ బిగించేదాకా నేను కాలు తీయకూడదు.

"తొక్కు బిడ్డా... పట్టుకో... ఇడువకు..." అని కింది నుంచి గొంతు. నా కాలు జారిపోయేది. గాలి మళ్లీ లోపలికి పోయేది.

"పట్టు పోయిందా?" అని కాక అడిగేవాడు.

"పోయింది" అనేదాన్ని సిగ్గుతో.

"పోతే పోయింది, మల్ల మొదటికెళ్లి" అనేది ఆమె. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు పెడలు రాయిలా గట్టిగా నిలబడింది. ఇంత మొండితనం ఎక్కడిదని నేనంటే, కింద నుంచి బయటికి జరిగి, చెంగుతో మొహం తుడుచుకుంటూ ఒక మాట అంది. ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మొండితనం అనకు బిడ్డా. పని ఇంక అయిపోలే, గంతే."

బండి నడిచింది. తర్వాత మిషన్‌ను ఎక్కించే పని. మొదట దించుకోవడానికి వీలుగా ఉంటుందని బండి వెనక సరుకు వేసే డాలా చివర బిగించింది. కాక వీధి చివరిదాకా నడిపి వెనక్కి తెచ్చాడు. "వెనక బరువైంది, ముందు తేలిపోతున్నది. స్టీరింగ్ చేతికి ఆనుతలేదు" అన్నాడు. ఆమె బోల్టులన్నీ విప్పి, మిషన్‌ను డ్రైవరు గది వెనక గోడకు ఆనించి బిగించింది. అదురు తగ్గడానికి అడుగున పాత టైరు ముక్కలు వేసింది. వెల్డింగ్ చేయించలేదు. అవసరమైతే విప్పి దించుకునేలా ఉండాలని నాలుగు బోల్టుల మీదే నిలబెట్టింది. ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకెళ్తే మొదటిసారి హ్యాండ్ బ్రేక్ పట్టడం లేదని తిప్పి పంపారు. రెండోసారి పాసైంది.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది డ్రైవరు గది. బండి నడపాల్సింది కాక. వెనక దూది లేస్తే ధూళి ఆయన ముక్కులోకి పోకూడదు. వెనక అద్దం చుట్టూ రబ్బరు పట్టీ వేసింది. కాళ్ల కింది బొక్కకు రేకు వేసింది. సందులన్నీ రెక్సిన్ గుడ్డ కుట్టి మూసింది. తర్వాత కాకను లోపల కూర్చోబెట్టి, అన్ని తలుపులు వేసి, బయట గుప్పిళ్లతో పిండి చల్లింది. లోపలికి రాలేదని ఆయన చేతులు చూపించేదాకా ఒప్పుకోలేదు. ఊళ్లోకి వెళ్లాక కూడా ముందు గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి, ఆయన్ని అటు దూరంగా కూర్చోబెట్టాకే మిషన్ మొదలుపెట్టేది.

రెండు నెలలు బాగా నడిచింది. చిల్పూర్ వైపు ఊళ్లు, ఇటు తండాలు. పాత పరుపు విప్పి, ఆ వాకిట్లోనే దూది ఏకి, అక్కడే కుట్టిచ్చేది. అప్పుడు ఒక తండాలో నిప్పంటుకుంది. మిషన్ తిప్పే చిన్న డీజిల్ ఇంజన్ సైలెన్సర్ మీద దూది పోగులు పేరుకుని రాజుకున్నాయి. చూస్తుండగానే మంట పక్కనున్న దూది కుప్ప అందుకుంది. చిన్నమ్మ ఇంజన్ ఆపి, రెండు చేతులతో దుమ్ము ఎత్తి పోసింది. తండావాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చారు. బండి దక్కింది. దూది మొత్తం బూడిదైంది. అది ఆ ఇంటామె తన చేనులో ఏరి, మంచం పట్టిన తల్లి కోసం దాచుకున్న దూది.

ఆ సాయంత్రం మోచేతుల దాకా బొబ్బలతో ఆమె ఇంటికి వచ్చింది. కాక చేతులు జోడించినంత పని చేశాడు. "ఇగ సాలు. పానం మీదికొచ్చింది. బంద్ చేద్దాం."

"బంద్ జేస్తే ఆ ముసలామె దేని మీద పండాలె?" అంది ఆమె.

లోపలికి వెళ్లి తమ మంచం మీది పరుపు తెచ్చి వాకిట్లో వేసింది. చేతులకు గుడ్డలు చుట్టుకుని కుట్లు విప్పింది. నేను దూది దులిపి ఇచ్చాను. మర్నాడు పొద్దున ఏకి, కొత్త గుడ్డలో నింపి, మధ్యాహ్నానికల్లా తండాలో ఇచ్చి వచ్చింది. ఆ తర్వాత వారం రోజులు బండి కదలలేదు. సైలెన్సర్ గొట్టం బయటికి తిప్పించింది. దూదికీ ఇంజన్‌కూ మధ్య రేకు అడ్డం పెట్టించింది. రెండు ఇసుక బకెట్లు డాలాలో చేరాయి. గంటకోసారి ఇంజన్ ఆపి పోగులు తుడవాలని తనకు తానే నియమం పెట్టుకుంది. చాన్నాళ్లు వాళ్లిద్దరూ ఉత్త మంచం మీద బొంత పరుచుకుని పడుకున్నారు.

నెల తర్వాత ఆ తండా ఆమే వాళ్ల ఇంటికొచ్చింది. పని నేర్పమని అడిగింది. చిన్నమ్మ ఆశ్చర్యపోయి, "మీ దూది కాలవెట్టిన దాన్ని. నాకాడ నేర్సుకుంటవా?" అంది.

"కాలినంక మల్ల మొకం సూపియ్యవనుకున్న అక్కా. తెల్లారి పరుపు పట్టుకొని వస్తివి. గందుకే వచ్చిన."

అప్పటి నుంచి ముగ్గురూ తిరిగారు. కాక నడిపేవాడు, చిన్నమ్మ ఏకేది, ఆమె చెల్లె అని పిలుచుకున్న తండా ఆమె కుట్టేది. నిరుటి నుంచి చిన్నమ్మ కుట్టుపనికి మారి, మిషన్ ఆ చెల్లె చేతికిచ్చింది. మోకాళ్ల నొప్పులని చెప్పింది. ఆ చెల్లెకు పని అలవాటు చేయడానికేనని నాకిప్పుడు అనిపిస్తోంది.

మట్టి చేసి వచ్చిన మూడో రోజు, కాక బండి అమ్మేస్తానన్నాడు. తండా చెల్లె గడప దగ్గర కూర్చుని ఉంది. మెల్లగా అంది: "అక్క మూడూర్లకు మాటిచ్చింది బావా. వాళ్లకు ఏం జెప్పాలె? గా మూడూర్లు తిరిగొద్దాం. అటెన్క నీ ఇష్టం."

నలభై దినాలు గడిచాక బండి కదిలింది. మూడూళ్లు అయిపోయాయి. కాక మళ్లీ అమ్మకం మాట ఎత్తలేదు.

పోయిన ఆదివారం చిల్పూర్ దగ్గర ఒక ఊళ్లో వాళ్లు కనబడితే స్కూటీ ఆపాను. కాక దూరంగా అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. తండా చెల్లె ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఇంజన్ ఆపి, సైలెన్సర్ తుడుస్తోంది. అప్పుడే ఏకిన దూది ఎండలో తెల్లగా కుప్పపోసి ఉంది. ఆ ఇంటి ముసలవ్వ కర్ర పక్కన పెట్టి, కుప్ప ముందు కూర్చుని, దూదిలోకి మోచేతి దాకా చెయ్యి దోపింది. నేను స్కూటీ మళ్లీ తీసేదాకా కూడా ఆ చెయ్యి బయటికి తీయలేదు.