దొరసాని కలిపిన చుట్టరికం

దొరల ఇంట్లో పెళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాళ్ల పిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు వెండి గిన్నెలతోపాటు ఊళ్లో పిల్లనొకదాన్ని కూడా పంపేవారు. ఆమెను ఆడబాప అనేవారు. అక్కడి అంట్లు తోమడం, అక్కడి పిల్లల్ని ఎత్తుకొని పెంచడం, చచ్చేదాకా అక్కడే. జీతం లేదు, పెళ్లి లేదు, తిరిగి రావడమూ లేదు. మా ఇబ్రహీంపట్నం పెద్దమనుషులు దీనికి ఆచారమని పేరు పెట్టుకున్నారు.

నిజాం ఏలుబడి చివరి రోజులవి. నేను పట్నంలో చదువు మానేసి ఊరికొచ్చి, వెట్టికి ఎదురు తిరిగిన సంఘంలో తిరుగుతున్నాను. వెట్టి చేయించుకోరాదని సర్కారే హుకుం తీసింది. ఆ సంగతి దొర ఉండే కోటలాంటి గడిలో పనిచేసే ఆడవాళ్లకు చెప్పడం నా పని. వాళ్లు చివరిదాకా వినేవారు, విని కొంగు దులుపుకొని మళ్లీ గడికే పోయేవారు.

"హుకుం పట్నంల ఉంటది బిడ్డా, దొర ఊర్ల ఉంటడు" అంది ఒకామె.

ఆ ఏడు దొర బిడ్డకు కోహెడ సంబంధం కుదిరింది. ఆడబాపగా పంపడానికి మా ఎదురింటి పెద్దమ్మ కూతురిని అడిగారు. అడిగారనడం నా మర్యాద, నిజానికి కబురు పెట్టారు. దొర బిడ్డ పుట్టినప్పుడు దొరసానికి పాలు పడకపోతే, అప్పుడే కాన్పయిన ఈ పెద్దమ్మను గడికి తీసుకుపోయారు. తల్లి గడిలో, కన్న పిల్ల ఇంట్లో గంజినీళ్ల మీద. ఆ గంజి తాగి ఎలాగో బతికిన పిల్లనే ఇప్పుడు ఇమ్మంటున్నారు.

పెద్దమ్మను కూర్చోబెట్టి పాఠం చెప్పినట్టు చెప్పాను.

"రేపు పోయి ఏమంటవ్ పెద్దమ్మా?"

"వెట్టి బందని సర్కారు హుకుముంది, నా బిడ్డ రాదు అంట."

"దొరసాని తిడితె?"

"తిట్టినా గదే అంట. గా ఒక్క మాటనే."

పక్కన జొన్నలు చెరుగుతున్న పిల్ల చేట ఆపి మమ్మల్నే చూస్తోంది.

మర్నాడు నేనూ వెంట వెళ్లాను. గడి వాకిట్లో దొరసాని కనబడగానే పెద్దమ్మ హుకుం మాటే ఎత్తలేదు. చట్టం చెప్పడం పరాయితనమనిపించిందేమో, పాల సంగతి తీసింది.

"నీ బాంచెన్ దొర్సానీ, నీ బిడ్డకు పాలిచ్చి పెంచిన. గా పాల మొకం జూసి నా బిడ్డను ఇడిచిపెట్టు."

దొరసాని కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నవ్వుతూ దగ్గరకు పిలిచింది.

"ఒక్క తల్లి పాలు తాగినోళ్లు అక్కచెల్లెండ్లే గదనే! అక్క పరాయింటికి ఒక్కతె పోతుంటె చెల్లెను తోలియ్యవా?"

కడుపులో లేనిది కౌగిలించుకుంటే వస్తుందా అంటారు. దొరసాని కౌగిలించుకోకుండానే తెప్పించింది. పెద్దమ్మ మురిసిపోయింది, కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. దొర బిడ్డకు తన బిడ్డ చెల్లెలట!

"అక్కచెల్లెండ్లయితె ఇద్దరు ఒక్క ఎడ్ల కచ్చరంల కూసుంటరా దొర్సానీ?" అని అడిగేశాను.

జవాబు గడి జీతగాళ్లు చెప్పారు. నా ముందరి పన్ను ఆ రోజే పోయింది. నన్ను బయటికి ఈడుస్తుంటే పెద్దమ్మ, "పోరడు దెల్వక అన్నడు, మన్నించున్రి" అని వాళ్లనే బతిమాలింది.

అంపకాల నాడు పెళ్లికూతురు కూర్చున్న ఎడ్ల కచ్చరం ముందు పోతోంది. వెనకాల నెత్తిన ఆమె బట్టల మూటతో పిల్ల నడుస్తోంది. ఊరు దాటేదాకా సాగనంపడానికి పెద్దమ్మ కూతురి పక్కనే నడిచింది. నేనూ కొంచెం దూరంలో నడిచాను.

"అక్కను మంచిగ జూస్కో బిడ్డా" అని తల్లి అప్పగింతలు పెట్టింది.

పిల్ల ఆగింది. ఏడవలేదు.

"హుకుముందని అన్న చెప్పిండు గదనే అమ్మా. ఒక్కపారన్న అనకపోతివి."