తలుపు దగ్గరి ఇస్త్రీ పెట్టె

మా ఇంటిగలావిడ పోయారు. మంగళవారం పొద్దున సన్నీవేల్‌లో ఆఫీసు షటిల్ బస్సు దిగుతుండగా, ఆవిణ్ణి చూడడానికి ఇంటికి వెళ్ళిన చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. నిద్రలోనే పోయారట. నేను ఆరింటికి ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఆవిడ గది తలుపు వేసే ఉంది. పడుకున్నారు కదా అని చప్పుడు కాకుండా, బూట్లు చేత్తో పట్టుకుని బయటికి వచ్చాను. అప్పటికే ఆవిడ లేరన్నమాట.

ఏం చెయ్యాలో తోచక మీటింగ్‌లో కూర్చున్నాను. నా వంతు వచ్చినప్పుడు నిన్న చేసిన పనీ, ఈరోజు చెయ్యాల్సిన పనీ చెప్పాను. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ తర్వాత లాప్‌టాప్ మూసి ఇంటికి వచ్చేశాను.

ఓక్లాండ్‌లో ఆవిడ ఇంటి వెనక గదిలో నాలుగేళ్ళు ఉన్నాను. తాళాలు ఇచ్చిన రోజున "థాంక్యూ ఆంటీ" అన్నాను. ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"ఆంటీ అని..."

"మా అమ్మ ముప్ఫై ఏళ్ళు తెల్లవాళ్ళ ఇళ్ళలో బట్టలు ఇస్త్రీ చేసింది. వాళ్ళ పిల్లకాయలు కూడా ఆవిణ్ణి ఆంటీ అనేవాళ్ళు. నల్లావిణ్ణి మిసెస్ అని పిలవాల్సివస్తుందని."

మా దగ్గర అది మర్యాదనీ, పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ చంపేస్తుందనీ గబగబా చెప్పాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూశారు.

"సరే, మీ అమ్మ మాటే కానియ్. కానీ ఆంటీ ఇంట్లో గిన్నెలు ఆంటీ కడగదు, తెలిసిందా బేబీ?"

ఆ రోజు నేనూ ఒక మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇది చదువుతున్న మీలో చాలామందికి కూడా చెప్పలేదు. శాన్ రామన్‌లో మన తెలుగువాళ్ళ దీపావళి పార్టీలకి వచ్చినప్పుడు మీరు అడిగితే, మా నాన్నది బట్టల వ్యాపారం అని చెప్పాను. మా అమ్మానాన్నలది విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఇస్త్రీ బండి. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేను.

ఆవిడ వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా ఒక ఇనప ఇస్త్రీ పెట్టె అడ్డం పెట్టి ఉండేది. దానికి వైరు లేదు, బొగ్గులు పోసే మూతా లేదు. నల్లటి ఇనప ముద్ద, పైన పిడి. అదెక్కడిదని అడిగితే, "నేను హిప్పీగా ఉన్నప్పటిది" అన్నారు. నాకు నవ్వొచ్చింది. హిప్పీ అంటే నాకు తెలిసింది మా నాన్న తిట్టే హిప్పీ జుట్టే. పైగా హిప్పీకి ఇస్త్రీ పెట్టె ఎందుకు?

ఇరవై రెండేళ్ళప్పుడు ఆవిడ కాలేజీ స్నేహితులతో ఒక పాత బస్సెక్కి ఉత్తరాన కొండల్లోకి వెళ్ళారు. అక్కడ ముప్ఫైమంది దాకా కలిసి పొలం చేసుకుంటూ, ఒకే వంటింట్లో వండుకుంటూ బతికేవారు. దాన్ని కమ్యూన్ అనేవారు. అందరూ తెల్లవాళ్ళే. ఆవిడ ఒక్కరే నల్లజాతి మనిషి. కరెంటు లేదు. అందరూ చిరుగుల బట్టలు వేసుకుని వట్టి కాళ్ళతో తిరిగేవారు. ఆవిడ మాత్రం కట్టెల పొయ్యి మీద ఈ పెట్టె కాల్చి బట్టలు ఇస్త్రీ చేసుకునేవారు. బూట్లు విప్పేవారు కారు.

"తెగ నవ్వేవాళ్ళు. ఇవన్నీ వదిలేసే కదా వచ్చాం అనేవాళ్ళు. వదిలేసింది మీరు, మీకు మళ్ళీ కావాలంటే మీ అమ్మ ఇంట్లో మీ గది అలాగే ఉంది అనేదాన్ని. మా అమ్మకి మొదటి జత బూట్లు పధ్నాలుగో ఏట వచ్చాయి. నేను చదువుకుని మరీ వాటిని విప్పుకోవాలా?"

బస్సుని పోలీసులు ఆపినప్పుడు మిగతావాళ్ళని పేరు అడిగేవారట. ఆవిణ్ణి మాత్రం, వీళ్ళతో నీకేం పని అని అడిగేవారట. చిరుగుల బట్ట వాళ్ళ ఒంటి మీద సరదా, తన ఒంటి మీద నేరానికి సాక్ష్యం అనేవారు ఆవిడ. "మాకు రంగు కనబడదు" అని స్నేహితులు ముచ్చటగా చెప్పేవారట. "కనబడకపోతే పోలీసు వచ్చినప్పుడు నా ముందు ఎవరు నిలబడతారు బేబీ?" అని నన్ను అడిగారు, నేనేదో జవాబు చెప్పగలనన్నట్టు.

అలాగని అక్కడ సుఖంగా లేరని కాదు. ఆరేళ్ళున్నారు. నేను ఆ ఇంట్లో ఉన్నప్పుడు, ఆ రోజుల మీద పరిశోధన అంటూ కుర్రాళ్ళు రికార్డర్ పట్టుకుని వచ్చేవారు. ఒక్క నల్లజాతి మనిషిగా అక్కడ ఎలా అనిపించింది అని అందరిదీ అదే ప్రశ్న. ఆవిడ ఓపిగ్గా చెప్పేవారు. వాళ్ళు వెళ్ళాక కుర్చీలో వాలిపోయి, "క్యారెట్ల గురించి ఒక్కడూ అడగడు" అనేవారు. ఆ రాళ్ళ నేలలో చెయ్యంత పొడుగు క్యారెట్లు పండించారట. వాటి గురించి నేను అడిగాను. రెండు గంటలు చెప్పారు.

చెల్లెలికి ఆ ఆరేళ్ళ మీద ఇప్పటికీ కోపమే. "మనవాళ్ళు హక్కుల కోసం రోడ్ల మీద దెబ్బలు తింటుంటే ఇది తెల్లపిల్లలతో క్యారెట్లు తవ్వుకోడానికి పోయింది" అని నా ముందే అనేవారు. దానికి ఆవిడ ఒక్కసారే జవాబు చెప్పగా విన్నాను. "దెబ్బలు తినని చోట కొన్నాళ్ళు ఉండాలనిపించింది. అది కూడా తప్పేనా?"

మరి ఎందుకు తిరిగొచ్చారని అడిగితే, "అలిసిపోయాను. రోజూ నన్ను నేను వివరించుకోలేక. ఇక్కడికి వచ్చాక, ఎందుకు వెళ్ళావో చెప్పమన్నారు" అన్నారు.

పోయిన ఏడాది నా ఉద్యోగం పోయింది. రెండు నెలల్లో ఇంకోటి దొరక్కపోతే వీసా పోతుంది. ఇంటర్వ్యూ రోజున నేను నలిగిన చొక్కా తొడుక్కుంటుంటే లాక్కుని, ఆవిడే ఇస్త్రీ చేశారు. వేళ్ళతో నీళ్ళు చిలకరించి, కాలరు కొసల నుంచి మధ్యకి తెచ్చారు. మా అమ్మ కూడా సరిగ్గా అలాగే చేస్తుంది. నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడు చెప్పాను బండి సంగతి.

"మూడేళ్ళు నా ఇంట్లో ఉండి ఇప్పుడా చెప్పేది? నన్ను చూసి భయపడ్డావా?"

"మిమ్మల్ని చూసి కాదు ఆంటీ. మావాళ్ళని చూసి."

"ఆఁ... అది నాకు తెలుసు."

చొక్కా నాకు తొడిగి గుండీలు పెడుతూ ఒక పని అప్పగించారు. "నేను పోయాక వీళ్ళు కొట్టుకుంటారు. మా చెల్లి నాకు నీలం సూటు తొడిగి, ఆ ఆరేళ్ళూ నేను ఊళ్ళో లేనట్టు పంపించేస్తుంది. ఆ కమ్యూన్ వాళ్ళేమో తలలో పూలు పెట్టి, వట్టి కాళ్ళతో పంపిస్తారు. ఎవరు గెలిచినా సరే, బట్టకి ఇస్త్రీ ఉండాలి. కాళ్ళకి బూట్లుండాలి. చూస్తావా?"

చూస్తానన్నాను.

గురువారం మధ్యాహ్నం వాళ్ళు నిజంగానే వంటింట్లో కొట్టుకున్నారు. మర్నాడు పొద్దున అంత్యక్రియలు చేసేవాళ్ళకి ఆవిడ బట్టలు అందించాలి. చెల్లెలు నీలం సూటు కుర్చీకి తగిలించారు. కమ్యూన్ నుంచి వచ్చిన స్నేహితుడు, తెల్ల జడ వేసుకున్న ముసలాయన, ఆవిడ బీరువాలోంచి పాత గౌను ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ఉల్లిపొట్టుతో ఆవిడే రంగు వేసుకున్న గౌను.

"తను తనలా ఉన్నది ఇందులోనే. మా నేల మీద నడిచినట్టే వట్టి కాళ్ళతో వెళ్ళనిద్దాం" అన్నాడాయన.

"మా అక్కని వట్టి కాళ్ళతోనా! మా అమ్మ లేచి వస్తుంది, నీ జడ పట్టుకుంటుంది."

"ఆవిడ వట్టి కాళ్ళతో నడవలేదండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఒక్కరోజు కూడా."

ముసలాయన గౌను మీంచి చెయ్యి తీసేశాడు. "అవును. ఎప్పుడూ బూట్లుండేవి" అన్నాడు. "ఎందుకని నేనెప్పుడూ అడగలేదు."

చెల్లెలు గౌను అందుకున్నారు, బీరువాలోకి విసిరేద్దామనే అనుకుంటాను. కాలరు మీద చెయ్యి పడగానే ఆగిపోయారు. ఎన్నో ఏళ్ళుగా మడతలో ఉన్న బట్ట. చేతులు లోపలికి మూడు మడతలు, కాలరు పైకి. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూశారు.

"ఇది మా అమ్మ మడత" అన్నారు మెల్లగా. "ఆ కొండల్లో కూడా అమ్మ మడతే పెట్టిందా?"

ఆవిడ కూర్చున్నారు. కాసేపటికి గౌను నా వైపు తోశారు. "దీన్నే వేద్దాం. కానీ మడత గీతలు పోవాలి. నాకు చేతకాదు."

"నేను చేస్తాను. మా అమ్మానాన్నలు చేసే పని ఇదే" అన్నాను.

కరెంటు ఇస్త్రీ పెట్టె అల్మరాలో ఉంది. నేను తలుపు దగ్గరిదే తీసి, తుడిచి, గ్యాస్ పొయ్యి మీద పెట్టాను. మా అమ్మలా చెంప దగ్గరికి తెచ్చి వేడి చూశాను. నీళ్ళు చిలకరించాను. కాలరు కొసల నుంచి మధ్యకి తెచ్చాను. చేతులు, నడుము, కుచ్చిళ్ళు. చెల్లెలు బూట్లకి పాలిష్ పెడుతూ కూర్చున్నారు. ముసలాయన బట్ట నేలకి తగలకుండా అంచు పట్టుకున్నాడు. తడి గుడ్డ మీద వేడి తగిలినప్పుడు వచ్చే వాసన మా బండి దగ్గర వాసనే.

శుక్రవారం పొద్దున వాళ్ళిద్దరూ ఒకే కారులో బట్టలు తీసుకుని వెళ్ళారు.

కానీ ఆ ముందు రోజు, గౌను హ్యాంగర్‌కి తగిలించాక, ఇస్త్రీ పెట్టెని మళ్ళీ తలుపుకి అడ్డం పెట్టాను. సాయంత్రం గాలి వీస్తోంది. తలుపు కదలలేదు. వంగి చేత్తో తాకి చూశాను. అది ఇంకా వెచ్చగానే ఉంది.