చెరి సగం

పుల్లారావుకు తెలిసిన న్యాయం ఒక్కటే, చెరి సగం. ఎవరు లాక్కున్నారు, ఎవరు పోగొట్టుకున్నారు అని అడిగే అలవాటు ఆయనకు లేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఈ ఇంట్లో టీ, ఆ ఇంట్లో టీ తాగి మధ్యలో గీత గీసేవాడు. రాజుపాలెం దగ్గర ఆ ఊళ్లో దీన్నే పెద్దరికం అంటారు. లీలావతి లెక్కలో అది దొంగకు ఇప్పించే కూలి.

ఆమెకున్నది ఎకరం మిర్చి చేను. దానికి తూర్పున గోపీనాథ్ పొలం, పడమర పుల్లారావు పొలం. మూడేళ్ల కిందట గోపీనాథ్ దుక్కి దున్నిస్తూ గట్టు చెక్కేసి ఆమె చేలో నాలుగు సాళ్లు కలిపేసుకున్నాడు. ఆమె పెద్దమనిషి దగ్గరికి పరుగెత్తింది.

"సర్వేయరును పిలిపించు బాబాయ్."

"మన తగువులోకి సర్వేయరు ఏందమ్మాయ్, పరువు తక్కువ. చెరి రెండు సాళ్లు తీసుకోండి," అన్నాడు పుల్లారావు.

గోపీనాథ్ మొహం వేలాడేసుకుని ఒప్పుకున్నాడు. మరుసటేడు మళ్లీ నాలుగు సాళ్లు, మళ్లీ చెరి రెండు. మూడో ఏడూ అంతే. ప్రతిసారీ పుల్లారావు ఊరిని ఉద్ధరించినట్టు మీసం దువ్వుకున్నాడు. ఇట్లాగే సాగితే ఎకరం కాస్తా కళ్లముందే కరిగిపోతుందని లీలావతికి భయం పట్టుకుంది. గోపీనాథ్ మీద ఆమెకున్నది కోపం. పుల్లారావు మీద అసహ్యం. దొంగ కనీసం ఎండలో నిలబడి గట్టు చెక్కించాడు, ఈయన కుర్చీలోంచి కూడా లేవలేదు.

ఈ వేసవిలో ఆమె ట్రాక్టర్ మాట్లాడుకుని పడమటి గట్టు చెక్కించింది. పుల్లారావు పొలంలో నాలుగు సాళ్లు దున్నించింది.

చొక్కా నలిగిపోతున్నా చూసుకోకుండా వచ్చిపడ్డాడు పెద్దమనిషి. "నా పొలం దున్నుతున్నావేందమ్మాయ్?"

"తగువెందుకులే బాబాయ్. చెరి రెండు సాళ్లు తీసుకుందాం."

"నా పొలంలో నీకు సగమేంది? రేపే సర్వేయరును తెచ్చి కొలిపిస్తా."

అన్నట్టే తెచ్చాడు, ఫీజు కూడా తనే కట్టాడు. సర్వేయరు పడమటి హద్దు తేల్చి పుల్లారావు సాళ్లు పుల్లారావుకు ఇచ్చేశాడు. అక్కణ్నించి లీలావతి ఎకరం కొలుచుకుంటూ తూర్పుకు నడిచాడు. గోపీనాథ్ గట్టు దాటి, ఆరు సాళ్లు లోపలికి వెళ్లి, అక్కడ రాయి పాతించాడు.

"ఏదో ఒకటి చెప్పు మామా, చెరి సగం చెయ్యి," అని గోపీనాథ్ గొణిగాడు.

లీలావతి ఫ్లాస్కు మూత తీసి సర్వేయరుకు గ్లాసు నిండా టీ పోసింది. పుల్లారావు గ్లాసులో మాత్రం సగానికి ఆపేసింది.