పొత్రం పడుకున్న ఉయ్యాల

మా చెల్లికి కవలలు పుట్టారు. పెద్దవాణ్ణి తీసుకుని రేపల్లెలో మా ఇంటికి వచ్చేసింది. చిన్నవాడు బరువు చాలక తెనాలి ఆసుపత్రిలో గాజుపెట్టెలోనే ఉండిపోయాడు. బావ అక్కడే వాడికి కాపలా.

మా హాల్లో కొక్కేలు రెండే, అవి ఒక్క ఉయ్యాలకే సరి. వాటికి తాళ్లతో ఒక వెదురు బొంగు వేలాడదీసి, ఆ బొంగుకే రెండు చీర ఉయ్యాలలూ కట్టాడు నాన్న. ఖాళీ ఉయ్యాల ఊగితే బిడ్డకి మంచిది కాదని, రెండోదాంట్లో సన్నికల్లు పొత్రం పడుకోబెట్టి గుడ్డ కప్పింది అమ్మ. ఆ రాయి పిల్లవాడంత బరువుంటుంది. అదే కొంప ముంచింది.

పెద్దవాణ్ణి ఊపి వదిలేస్తే, కాసేపటికి వాడి ఉయ్యాల దానంతటదే నెమ్మదించి ఆగేది. ఆగేసరికి పక్కన రాయి ఊగుతూ ఉండేది, ఎవరూ ముట్టుకోకుండానే. మళ్లీ రాయి ఆగేది, వాడు ఊగేవాడు. నేను బాపట్లలో ఇరవై ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఒకేలాంటి రెండు లోలకాల్ని వేలాడే కర్రకి కడితే, ఒకదాని ఊపు కర్ర మీదుగా రెండోదానికి పోయి తిరిగొస్తుంది; జరిగేది ఇదే. అయినా మొదటిసారి చూసినప్పుడు నా ఒళ్లు జలదరించింది.

చెల్లి మాత్రం భయపడలేదు. "వాడే అన్నయ్యా. తెనాలిలో వాడు కదిలితే ఇక్కడ తెలుస్తోంది" అంది.

తప్పు నాదే. అది కడుపుతో ఉన్నప్పుడు కాలక్షేపానికి క్వాంటం కబుర్లు చెప్పాను. రెండు కణాలు ముడిపడితే, ఎంత దూరాన ఉన్నా ఒకదాన్ని విడిచి ఇంకోదాని సంగతి చెప్పలేమన్నాను. మధ్యలో గురుత్వాకర్షణ తప్ప ఇంకే బంధమూ లేకుండా రెండు బుల్లి లోలకాల్ని ఊగించి, అవీ అలా ముడిపడతాయేమో చూడాలని శాస్త్రవేత్తలు తంటాలు పడుతున్నారనీ, ముడిపడితే గురుత్వాకర్షణ కూడా క్వాంటమేనని తేలుతుందనీ చెప్పాను. ఆ ముడి మీదుగా కబురు మాత్రం పోదని చెప్పేలోపు అమ్మ టిఫిన్‌కి పిలిచింది.

ఇక రాయి ఊగినప్పుడల్లా తెనాలికి ఫోన్. "ఇప్పుడే కాలు కదిపాడు" అనేవాడు బావ. పసివాడు కదలక ఏం చేస్తాడు? చెల్లి తిండి మానేసింది. పెద్దవాడు పాలకి ఏడుస్తున్నా రాయినే చూస్తూ కూర్చునేది. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం రెండో ఉయ్యాలని విప్పి, తలుపు తీసే ఉంచి, ఎదురుగదిలో కొక్కేలకి కట్టాను.

"ఇప్పుడు ఊపు" అన్నాను.

పెద్దవాడి ఉయ్యాల ఊపింది. రాయి కదల్లేదు.

"చూశావా? అంతా బొంగు పని" అన్నాను, గెలిచినట్టు.

చెల్లి ముఖం పాలిపోయింది. "ఆగిపోయాడేంటన్నయ్యా?"

ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేసింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఐదోసారికి ఎత్తాడు బావ. ఆ రోజు లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వలేదట, ఇప్పుడే బయటికొచ్చాడట. చిన్నవాడు పాలు తాగి నిద్రపోతున్నాడట.

చెల్లి ఫోన్ గుండెలకి హత్తుకుని నావంకే చూస్తోంది. ఏంటన్నట్టు చూశాను. అప్పుడు తెలిసింది, నేను ఎదురుగదిలో నిలబడి ఆ రాతిని ఊపుతున్నానని. ఎన్నో రింగుకి లోపలికి వెళ్లానో నాకు గుర్తులేదు. బావ ఫోన్ పెట్టేశాక కూడా, చెయ్యి తీయడానికి నాకు ధైర్యం చాల్లేదు.